తప్పు దగ్గర ఉలికే నాడి

భూమికళ 4

శుభమగుగాక. చంద్రమండలమున, దక్షిణ ధ్రువమున, సృష్టి మొదలు ఎండ సోకని మహాగర్తపు అంచున, హిమకుహరమను స్థావరమున, స్థాపన సంవత్సరము అరువదియొకటవదియైన ఈ యేట, క్షితిజము మీద భూమి నాలుగవ కళలో నున్న ఈ దినమున, భ్రమరాంబ యను పేరుగల నేను, డెబ్బది యెనిమిదేండ్ల వయసున, తెలివి కలిగి, ఎవరి ప్రోద్బలమూ లేక, ఈ దినచర్య వ్రాయ నారంభించుచున్నాను.

చోటూ కాలమూ చెప్పుకొని గాని ఏ పనీ మొదలుపెట్టరాదని మా నాన్న నేర్పాడు. ఎందుకో కూడా చెప్పుకోవాలి. ఇంకా పదకొండు రోజులకు, నిండుభూమి నాడు, నా చెవి వెనుక శమనిని అమర్చాలని పాలకమండలి ఆదేశించింది. శమని అని కాగితాల్లో, బిళ్ల అని నోళ్లలో. అది అమరిన నాటి నుంచి నాకు దేనిమీదా విముఖత కలగదట. కనుక విముఖత ఉండగానే చూసినదంతా రాసిపెడుతున్నాను. దీని పేరు సాక్ష్యం.

నాది శ్రోత పని. గర్తంలోని మంచు తవ్వడానికి వెళ్లేవారు ఆరుగురు చొప్పున తలుపుగదిలోకి, అంటే లోతలుపుకూ బైతలుపుకూ నడుమ గాలి తీసివేసే గదిలోకి, వస్తారు. గాజు కిటికీకి ఇవతల నా పీట, పీట పక్కన కంచు గంట. ఇక్కడి దుమ్ము గాజుపొడి వంటిది. ఏ మీటరునూ ఎక్కువ కాలం నిజం చెప్పనివ్వదు. మొదటి పదేళ్లలో మీటర్లను నమ్మి ముగ్గురు పోయారు. అప్పుడు ఇక్కడి భోజనశాలలో వంట చేస్తున్న మా నాన్న ఇంజనీర్ల దగ్గరికి వెళ్లి, తాను భూమి మీద ఘనపాఠినని చెప్పాడు. కాగితం లేని కాలంలో వేదంలో ఒక్క స్వరం జారకుండా ఎలా కాపాడారో పాడి వినిపించాడు: రెండేసి మాటలు ముందుకు, వెనక్కు, మళ్లీ ముందుకు. ఆనాటి నుంచి తలుపు దాటే ఆరు పనులకు ఆరు మాటలు. కంఠం, శ్వాస, లోతలుపు, గాలి, గొలుసు, బైతలుపు. కంఠమంటే శిరస్త్రాణాన్ని మెడ దగ్గర బిగించడం, గొలుసంటే జారిపోకుండా నడుముకు తగిలించుకోవడం. లోపల ఒకరు ఆ ముందువెనుకల నడకలో, జటగా, చదువుతారు, మిగిలినవారు ఒక్కొక్క పని చేస్తారు. బయట శ్రోత వింటుంది. తప్పు వినబడితే గంట. గంట మోగితే మొదటి నుంచి.

ఆడపిల్లకు పాఠమేమిటని భూమి మీద అడిగినా, నాన్న నా అయిదో ఏటనే మొదలుపెట్టాడు. ఇక్కడికి వచ్చాక ఆయనకు దొరికిన గొంతు నాదొక్కటే.

భూమికళ 6

ఈ ఉదయం చదువరి అప్పలకొండ. ఇరవై ఏళ్లుగా తలుపు దాటుతున్నవాడు. గొంతు సవరించుకొని, చక్కని నడకతో, "కంఠం లోతలుపు, లోతలుపు కంఠం, కంఠం లోతలుపు" అని సాగిపోయాడు. నడుమ ఉండవలసిన శ్వాస లేదు. శ్వాస అంటే వీపు మీది గాలిసీసా బిరడా విప్పడం. అది మరిచి బయట అడుగుపెట్టినవాడికి తొడుగులో మిగిలే గాలి నాలుగు నిమిషాలు.

నా చేయి గంట మీదికి ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. బుద్ధి కంటే ముందు రొమ్ములో ఏదో జారింది. చేయి దాని వెంట పోయింది.

"ఏటైంది పంతులమ్మా?" అన్నాడు అప్పలకొండ.

"శ్వాస ఏదిరా?"

"ఒలమ్మ, వొదిలేసినానా?" పకపకా నవ్వాడు. "పోన్లెద్దూ, బతికే ఉన్నాం గదా! మళ్లీ సెప్తాను, ఇనుకో."

మిగిలిన అయిదుగురూ నవ్వారు. తప్పుచేసినవాడు సిగ్గుతో నవ్వడం చూశాను. చావు తప్పినవారు ఊపిరి పీల్చుకొని నవ్వడం చూశాను. ఈ నవ్వులో ఆ రెండూ లేవు. పప్పులో ఉప్పు లేకపోయినా ఇదే నవ్వు. నిజానికి ఇరవై రోజులుగా భోజనశాల పప్పులో ఉప్పు లేదు. అడిగినదాన్ని నేనొక్కదాన్నే. వంటామె నన్ను జాలిగా చూసి, "మీకింకా బిళ్ల పెట్టలేదు కదండీ, పాపం" అంది.

భూమికళ 7

వైద్యాధికారి హేమాద్రి కొలతలు తీసుకోవడానికి వచ్చాడు. నా దగ్గర అక్షరాలు దిద్దినవాడే. చెవి వెనుక వేలు పెట్టబోతే ముఖం తిప్పుకొన్నాను.

"అమ్మా, నొప్పి ఉండదు. చీమ కుట్టినట్టు కూడా ఉండదు."

"చీమ కుడితే తెలియాలి కదా నాయనా. ఇంతకూ దేనిని నిద్రపుచ్చుతావో అది చెప్పు ముందు."

అతడు కూర్చున్నాడు. చిన్నప్పుడు పాఠం ఒప్పజెప్పినట్టే చెప్పాడు. మెదడు నడుమ కందిబద్దల జంటంత ముడి ఒకటి ఉన్నదట. దానిని విముఖ కేంద్రం అంటారట. మంచి జరుగుతుందని అనుకొని, ఆ మంచి జరగకపోతే, అది మెరుస్తుంది. మెరిసినప్పుడు, కోరిక పుట్టించే సుముఖ కేంద్రానికి పోయే ఉత్సాహపు ఊట ఆగుతుంది. మనిషి "ఇది కాదు" అని తెలుసుకొని మరో దారి చూస్తాడు. ఆరోగ్యవంతుల్లో ఆ మెరుపు ఒక్క క్షణం.

"దిగులు జబ్బులో అది ఆరదమ్మా. తెల్లారడం తప్పు, లేవడం తప్పు, బతకడం తప్పు అని మెరుస్తూనే ఉంటుంది."

"మరి నీలిపొగ పీల్చేవారికి?" గనిలో ఆ వ్యసనం ఒకప్పుడు సగం మందిని తిన్నది.

"మొదట్లో ఊట వరదలా పొంగుతుంది. తర్వాత పొగ లేని ప్రతి గంటా ఈ ముడి అరుస్తుంది. రెండో ఏడు వచ్చేసరికి వాళ్లు సుఖం కోసం పీల్చరు. ఆ అరుపు నొక్కడానికి పీలుస్తారు."

ఒకే ముడి, దానికి రెండు వ్యాధులు. రెండేళ్ల క్రితం పన్నెండుమంది రోగులకు బిళ్ల పెట్టి హేమాద్రి వారిని లేపి నడిపించాడు. ఆ చేతికి నేను ఈ పీట మీద నుంచే నమస్కరించాను. ఆ పన్నెండుగురి ముఖాలు చూసి పాలకమండలి ఆశపడింది. ముందు తలుపు దాటేవారికి, పిమ్మట అందరికీ. మిగిలినదాన్ని నేను.

"రోగికిచ్చిన మందు ఊరికంతా అన్నంలా వడ్డించమని నీకెవరు నేర్పారు? నేనా?" అన్నాను.

అతని ముఖంలో ఏదో కదలబోయి ఆగింది. అతనికీ బిళ్ల ఉంది.

"ఆదేశం నాది కాదమ్మా," అన్నాడు నెమ్మదిగా. కొలతలు తీసుకోకుండానే వెళ్లాడు.

భూమికళ 10

తోటగదిలో కాకరపాదుకు నీరు పెడుతుంటే నూకరత్నం వచ్చింది. తలుపుముఠాకు పెద్ద. మూడేళ్ల క్రితం ఆమె భర్త సూరిబాబు మంచుసొరంగంలో పోయాడు. ఎనిమిది నెలలు ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. గంజి చెంచాతో నేనే పోసేదాన్ని. మింగాలని కూడా ఆమెకు తోచేది కాదు. హేమాద్రి లేపిన పన్నెండుగురిలో ఆమె ఒకతె.

"పంతులమ్మా, మొన్న అప్పలకొండ శ్వాస వొదిలేసినప్పుడు నాను అక్కడే ఉన్నాను. నాకేటీ అనిపించనేదు. నీకెలగ తెలిసింది?"

"గుండె జారింది."

"నాకూ జారీది. పాఠం నేర్సుకున్న కొత్తలో తప్పు ఇంటే పళ్లు పులిసిపోయీవి." కాకరకాయ కోసి పచ్చిగానే కొరికింది, నమిలింది. "ఇదిగో, సేదని తెలుస్తాది. వొద్దని మట్టుకు అనిపించదు."

కాసేపు ఇద్దరమూ పాదులోని పండుటాకులు గిల్లాం.

"నిండుభూమి నాడు నీకూ పెట్టేస్తే గంట కొట్టీది ఎవులు?"

"ఎవరూ ఉండరు."

"మరి నాను బిళ్ల ఆపేసుకుంటే? మళ్లీ ఆ గోడ వొస్తాదేటి?"

అబద్ధం చెప్పి ఉండవచ్చు. "రావచ్చు" అన్నాను. "నీకు అది మందు. ఈ ముసలిదాని పంతానికి నువ్వు మందు మానకు. ఒట్టు."

"నాను ఒట్టెయ్యను," అంది నూకరత్నం, మిగిలిన కాకరకాయ చేతిలో పెట్టి. "నీ పంతం నీది. నా ముఠా నాది. ఆరుగురం ఎల్తాం, ఆరుగురం రావాల."

భూమికళ 12

పాలకమండలికి పెట్టుకొన్న విన్నపానికి జవాబు వచ్చింది. తలుపుముఠాకు పనివేళ బిళ్ల ఆపించమనీ, నన్ను పీట మీద అలాగే ఉండనిమ్మనీ అడిగాను. జవాబు రెండు వాక్యాలు. శ్రోత విధి గౌరవనీయమైన ఆచారం. భద్రతకు కొత్త మీటర్లు చాలును. శమని వచ్చిన తర్వాత స్థావరంలో ఒక్క ఫిర్యాదైనా రాలేదు గనుక మార్పు అనవసరం.

ఫిర్యాదు చేసే నాడిని నిద్రపుచ్చి, ఫిర్యాదులు లేవని వీరు మురుస్తున్నారు! రసాలు తొమ్మిదని పెద్దలు లెక్కించారు. ఆ తొమ్మిదింటిలో శోకానికి పీట వేశారు, భయానికి వేశారు, చివరికి జుగుప్సకు కూడా వేశారు. వారికి సుఖమంటే తెలియక కాదు. శాంతాన్ని అందరి కంటే చివర కూర్చోబెట్టారు, ఎనిమిదింటినీ దాటి వచ్చినవారికి దక్కేది గనుక. వీరు ఎనిమిదింటినీ గెంటివేసి, ఖాళీ ఇంటికి శాంతమని పేరు పెట్టారు.

నా ఒంట్లోనూ ఆ ముడి ఉంది. రాత్రులు నన్నూ కొరికింది. అది నాది. ఇవ్వను.

భూమికళ 14

రేపు స్థాపన దినం. ఏటా ఆనాడు ఒక ఆచారం ఉంది. శ్రోత పీట దిగి కిటికీ ఇవతల నిలబడి తానే పాఠం చదువుతుంది. ఊరంతా శ్రోత అవుతుంది. గంటను మధ్యలో పెడతారు, ఎవరైనా కొట్టవచ్చు. నలభై ఏళ్లుగా చదువుతున్నాను. ఒక్కసారీ అది మోగలేదు, మోగే అవసరం రాలేదు. రేపటి పాఠం ముగియగానే, ఆ సభలోనే, నా చెవి వెనుక బిళ్ల.

ఒక నిర్ణయానికి వచ్చాను. అయిదో ఏట నుంచి ఈ నోట తెలిసి ఒక తప్పు మాట రాలేదు. రేపు వస్తుంది. శ్వాస విడిచి చదువుతాను. గదిలో తొడుగులు వేసుకొని నిజంగానే ఆరుగురు ఉంటారు. వారి చేతులు నా మాటను నమ్ముతాయి. గాలి అనే మాటకు ముందు ఎవరూ గంట కొట్టకపోతే నేనే ఆపుతాను. ఊరు తన మౌనాన్ని తాను వినాలి. ఇంతకు మించిన రుజువు నా దగ్గర లేదు.

ఇది పాపమే. ఘనపాఠి కూతురికి ఇంతకంటే పెద్ద పాపం ఉందని నేను వినలేదు. అయినా చేస్తాను.

నిండుభూమి

జరిగినది జరిగినట్టు రాస్తాను.

రెండువందల నలభైమంది వచ్చారు. హేమాద్రి పళ్లెంలో బిళ్ల పెట్టుకొని ముందువరుసలో, గంటకు చేయి అందే దూరంలో నిలుచున్నాడు. కిటికీ అవతల అప్పలకొండ, నూకరత్నం, మరి నలుగురు. తొడుగుల్లో వాళ్ల మాట గోడమీది స్పీకరు గుండా వినబడుతుంది.

"కానియ్యి పంతులమ్మా, లోపల ఉక్కగున్నాది!" అన్నాడు అప్పలకొండ. జనం నవ్వారు.

మొదలుపెట్టాను. "కంఠం లోతలుపు. లోతలుపు కంఠం. కంఠం లోతలుపు."

నా గొంతు నాకే పరాయిదైంది. నాలుక మీద ఇనుము పెట్టినట్టు. ఆగి సభను చూశాను. చిరునవ్వులు. గంట పక్కన నిలుచున్నవారు తలలు ఊపుతున్నారు. వీరిలో సగం మందికి ఈ పాఠం నేనే నేర్పాను. లోపల అప్పలకొండ లోతలుపు గొళ్లెం బిగించాడు. ఆరు వీపుల మీద ఆరు బిరడాలు, మూసినవి మూసినట్టే.

"లోతలుపు..." అన్నాను. తరువాతి మాట గాలి. ఆ మాట అంటే అప్పలకొండ చేయి మీట మీదికి పోతుంది, గదిలోని గాలి పోతుంది. ఇక ఆపాలి. చేయి ఎత్తబోయాను.

అప్పుడు గాజు దడదడలాడింది.

లోపలి నుంచి ఎవరో పిడికిలితో కిటికీని బాదుతున్నారు. అప్పలకొండను పక్కకు నెట్టి మీటకు అడ్డంగా నిలబడి, నూకరత్నం.

"తప్పు! తప్పు పంతులమ్మా! శ్వాస ఏదీ? శ్వాస ఏదని అడుగుతన్నాను! మమ్మల్ని సంపేస్తావేటి?"

సభలో ఎవరూ కదలలేదు. ఎత్తబోయిన చేయి దించాను. డెబ్బది మూడేళ్ల పాఠంలో ఇంత ఇంపైన మాట నేను వినలేదు.

లోతలుపు తెరిచారు. ఆమె శిరస్త్రాణం తీసి నా ఎదురుగా వచ్చి నిలబడింది. కోపంతో ముఖం కందింది. చూస్తూండగానే ఆ కోపం కరిగి, నోరు వంకర తిరిగి, ఏడ్చింది. "సూరిబాబు," అంది. "మూడేళ్లయిపోనాది పంతులమ్మా. నాను ఇప్పుడు ఏడుస్తన్నాను. మూడేళ్లకి!"

పాలకమండలి పెద్ద కంఠం హెచ్చించాడు. "ఈమె శమని పనిచేయడం లేదా? ఎవరు ఆపారు?"

"నేను," అన్నాడు హేమాద్రి. పళ్లెం నేలమీద పెట్టాడు. "ఈ ఉదయం, ఒక్క పనివేళకు, నా పర్యవేక్షణలో. తనే వచ్చి అడిగింది. నాది కూడా ఆపుకొన్నాను. లేకపోతే ఆమె అడిగినదాంట్లో న్యాయం ఉందో లేదో నాకు తెలిసేది కాదు." నావైపు తిరిగాడు. "గాజు మోగేటప్పటికి నా చేయీ గంట మీద ఉందమ్మా. కాని తనే ముందు."

ఆ పిమ్మట సభ చాలాసేపు సాగింది. నాకు బిళ్ల పెట్టడం ఎవరికీ గుర్తు రాలేదు.

తరుగుకళ 3

తీర్పులు వచ్చాయి. తలుపుముఠాకు పనివేళల్లో బిళ్ల ఆపాలి. నాలుగు నెలలు పరీక్ష. రోగులకు వైద్యుడు చెప్పినట్టు. మిగిలిన ఊరి సంగతి ఆ పరీక్ష తర్వాత. తెలిసి తప్పుపాఠం చదివి ఆరుగురి ప్రాణాలతో ఆడినందుకు భ్రమరాంబను శ్రోత పీట నుంచి తొలగించడమైనది. ఆ పీట నూకరత్నానికి.

నన్ను తొలగించడం న్యాయం. ఆ మాట మండలితోనే చెప్పాను. నా బిళ్ల ఆదేశాన్ని మాత్రం వారు రద్దు చేయలేదు, వాయిదా వేశారు. ఆ కాగితం నా బల్ల మీద ఉంది. దాని మీద నీళ్ల చెంబు పెట్టుకొన్నాను.

సంజాయిషీ కూడా కోరారు. ఆటవెలదిలో రాసి పంపాను.

చేదు లేని నోటఁ జిక్కునే తీపియు?
ఉలికిపడని యెఱుక యొప్పు నెట్లు?
తప్పు వద్ద గుండె దడయె నిత్యంబును
తోడివారి బతుకు తోవఁ గాచు.

కార్యాలయం నుంచి ఒకాయన వచ్చాడు. "సంజాయిషీ అడిగితే పద్యం పంపారేమిటండీ? దీన్ని ఏ ఫైల్లో పెట్టాలి?"

"నోట్లో పెట్టుకోండి," అన్నాను. "పోదు."

తరుగుకళ 9

పాపానికి ప్రాయశ్చిత్తం ఉండాలి. తలుపుపాఠం నూటఎనిమిదిసార్లు, శుద్ధంగా, శ్రోత ఎదుట. పని ముగిసిన తర్వాత నూకరత్నం పీట మీద కూర్చుంది. బిళ్ల మళ్లీ నడిపించుకొనే ముందు రెండు గంటలు నాకోసం ఉంచమని హేమాద్రిని అడిగింది. ఆ రెండు గంటలూ ఆమెకు తేలిక కాదు. ముఖం పీక్కుపోయింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఎలా ఉంది?" అన్నాను.

"గోడ కనిపిస్తన్నాది. దూరంగా ఉన్నాది. ఎలుతురుండగా సూసి, బిళ్ల ఏసుకుని ఇంటికెల్లిపోతన్నాను." ముక్కు తుడుచుకొంది. "భోజనశాల పప్పు అన్నాయంగున్నాది పంతులమ్మా! ఉప్పేదని నిన్న వంటామెతో దెబ్బలాడినాను. ఇన్నాళ్లూ ఆ గడ్డే తిన్నానేటి?"

చదవడం మొదలుపెట్టాను. పది, ఇరవై, నలభై. నాన్న నేర్పిన నడకలో నోరు దానంతట అదే పోతోంది. అరవైమూడో ఆవృత్తి హాయిగా సాగుతోంది.

గంట మోగింది.

ఉలిక్కిపడి చూశాను. "ఏమైంది?"

"గొలుసు," అంది నూకరత్నం. "గాలి నుంచి బైతలుపుకి దూకేసినావు."

"నేనా? లేదే!"

"దూకేసినావు."

మనసులో వెనక్కు నడిచి వెదికాను. దూకాను. నా నోటికి తెలియలేదు, నా చెవికి తెలియలేదు, నా గుండె జారలేదు. ఏ బిళ్లా లేకుండానే, వయసే ఆ నాడిని నెమ్మదిగా ఆర్పుతోంది. ఎన్నాళ్లుగానో! ఈ పీట మీద నేను ఇంకా కూర్చుని ఉంటే, ఎవరు గొలుసు లేకుండా గర్తంలోకి జారిపోయేవారో!

"ఏటలా సూస్తన్నావు? మొదటి నుంచి," అంది నా శిష్యురాలు, గంట దగ్గర చేయి తీయకుండా. "ఒకటి నుంచి. నువ్వే నేర్పినావు గదా!"

ఒకటి నుంచి మొదలుపెట్టాను.

ఈ పీట మీద మా తరువాత కూర్చోబోయే తల్లులారా, తండ్రులారా! మీకు సుఖం కలుగుగాక. ఆ సుఖం మిమ్మల్ని కట్టివేయకుండుగాక. దుఃఖం వచ్చినప్పుడు గోడ దూరంగా ఉండుగాక. దగ్గరైతే మందిచ్చే చేయి దొరుకుగాక. మీ పప్పులో ఉప్పు లేదని మీకు తెలియుగాక. తోడివారి మాట తప్పినప్పుడు మీ గుండె జారుగాక, మీ చేయి ఆలోచనకు ముందే గంటను అందుకొనుగాక. మీ గుండె అలసిన నాడు, మీ కోసం ఉలికే గుండె ఒకటి, గాజుకు అవతలో ఇవతలో, తప్పక ఉండుగాక. ఆరుగురు వెళ్లి, ఆరుగురూ తిరిగి వత్తురుగాక.